తిన్నాక నడకా, షుగర్ గోలీనా?

నల్లగొండలో మా చిన్నమ్మ మొన్న రాత్రి కంచం తీస్తూ అడిగింది: "గోలీ ఏసుకుంటున్న గద బిడ్డా, మళ్ల ఈ నడుసుడెందుకు?"

రెండూ షుగర్‌ను దించేవే, కానీ దారులు వేరు. మెట్‌ఫార్మిన్ అనే షుగర్ గోలీ పని ఎక్కువగా కాలేయంలో. మనం నిద్రపోతున్నా కాలేయం గ్లూకోజ్ తయారుచేసి రక్తంలోకి వదులుతూనే ఉంటుంది. గోలీ ఆ జోరు తగ్గిస్తుంది, అందుకే పరగడుపు షుగర్ దిగుతుంది.

నడకది కండరం సంగతి. కండర కణంలో గ్లూట్-4 అనే ప్రోటీన్లు దాగి ఉంటాయి. తిన్నాక ఇన్సులిన్ కబురు అందితే అవి కణం అంచుకు వచ్చి గ్లూకోజ్‌ను లోపలికి తీసుకుంటాయి. టైప్-2 షుగర్‌లో ఆ కబురు సరిగా చేరదు. కానీ పిక్కలు, తొడలు ఆడితే చాలు, ఇన్సులిన్‌తో పని లేకుండానే గ్లూట్-4 పైకొస్తుంది!

ఇంకో విచిత్రం ఐఎల్-6, అంటే కణాలు ఒకదానికొకటి కబురు పంపుకోవడానికి వదిలే ఒక ప్రోటీన్. పొట్ట కొవ్వులోంచి అదే పనిగా ఊరితే లోలోపలి వాపుకు తోడవుతుంది. నడిచే కండరం కాసేపు వదిలితే మాత్రం, ఇన్సులిన్ కబురుకు అడ్డుపడే టీఎన్ఎఫ్-ఆల్ఫా అనే వాపు పెంచే ప్రోటీన్‌ను అణచడానికి పనికొస్తుంది. అణువు ఒకటే, వచ్చిన చోటు వేరు.

గోలీ మానమని నేను అనను, అది డాక్టర్ మాట. తిన్నాక ఎగిరే షుగర్‌కు మాత్రం నా ఓటు నడకకే. పానగల్లు చెరువు కట్ట దాకా పోలేనంటే, గల్లీలో పదిహేను నిమిషాలు తిరిగినా సరే. చిన్నమ్మ చెప్పులు వెతుక్కుంటోంది, సీరియల్ అయ్యాకనట.