జనరేటర్‌కి నీళ్ల కిట్టా, సోలారా? రొయ్యల గుంట మీద ఏది మేలు?

ఇందుకూరుపేట, ముత్తుకూరు వైపు రొయ్యల గుంటలున్నవాళ్లకి రాత్రి కరెంటు పోతే టెన్షనే. ఏరేటర్లు ఆగితే నీళ్లలో ఆక్సిజన్ పడిపోయి తెల్లారేసరికి రొయ్యలు తేలతాయి. అందుకే జనరేటర్, దానికి డీజిల్. ఆ ఖర్చు చూపించే ‘నీళ్లతో నడిచే కిట్’ అంటగడతారు. ఇంజనుకి ఒక డబ్బా తగిలిస్తే నీళ్లు గ్యాసై మండుతాయని, డీజిల్ సగం మిగులుతుందని చెబుతారు. అదే డబ్బు సోలార్‌కి, బ్యాటరీకి పెడితే?

నా మాట ముందే చెబుతున్నా: కిట్ జోలికి పోవద్దు.

ఆ డబ్బా చేసేది కరెంటుతో నీళ్లని హైడ్రోజన్, ఆక్సిజన్ గ్యాసులుగా విడగొట్టడం. హైడ్రోజన్ మండిపోయాక మిగిలేదే నీళ్లు, పొయ్యిలో బూడిద మిగిలినట్టు. వాటిని మళ్లీ విడగొట్టాలంటే మంట ఇచ్చినంత శక్తి తిరిగి పెట్టాల్సిందే, పైగా నష్టాలు అదనం. డబ్బాలో బుడగలు రావడం నిజం, అగ్గిపుల్ల చూపిస్తే టప్‌మని పేలడమూ నిజం. ఆ శక్తి బ్యాటరీది. బ్యాటరీని నింపేది ఇంజనుతో తిరిగి కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్, దాన్ని తిప్పేది మనం పోసిన డీజిలే.

లెక్క చూడండి. 12 వోల్టుల మీద 20 ఆంపియర్లు, డబ్బాలో వరుసగా ఆరు సెల్లులు (నీళ్లని విడగొట్టే అరలు) అనుకుందాం. గంటకు వచ్చే హైడ్రోజన్ నాలుగున్నర గ్రాములు దాటదు. అందులో ఉండే శక్తి సుమారు 15 మిల్లీలీటర్ల డీజిల్‌తో సమానం. ఆ కరెంటు పుట్టించడానికి ఇంజను తాగేది 100 మిల్లీలీటర్ల పైనే. సగం మిగలడం మాట అటుంచి, ఎదురు ఖర్చు. అదీగాక ఆ గొట్టంలో హైడ్రోజన్, ఆక్సిజన్ పేలడానికి సరిపోయే పాళ్లలోనే కలిసి ఉంటాయి. డీజిల్ డ్రమ్ము పక్కన అలాంటిది పెట్టుకోవడం నాకు భయం.

వెల్డింగ్ షాపులో కార్బైడ్ రాయి మీద నీళ్లు పడితే మంట వస్తుంది కదా అని అడుగుతారు. అక్కడ మండేది ఎసిటిలీన్. రాయిని విద్యుత్ కొలిమిలో తయారుచేసినప్పుడే ఆ శక్తి అందులో చేరింది. అమెరికాలో స్టాన్లీ మేయర్ నీళ్లతో కారు నడుపుతానన్నాడు. నిపుణులు అతని సెల్ చూసి మామూలు విద్యుద్విశ్లేషణే, అంటే కరెంటుతో నీళ్లు విడగొట్టడమే అన్నారు. 1996లో ఒహాయో కోర్టు మోసమని తేల్చి, ఇద్దరు పెట్టుబడిదారులకి 25,000 డాలర్లు తిరిగిమ్మంది.

మరి అనకాపల్లి జిల్లా పూడిమడకలో గ్రీన్ హైడ్రోజన్ (సోలార్, గాలి కరెంటుతో తీసే హైడ్రోజన్) అంటున్నారే? అది వేరే సంగతి. అక్కడ కరెంటు పెట్టి హైడ్రోజన్ తీస్తారు, ఎరువులకి, రిఫైనరీలకి అది కావాలి. గుంట మీద మనకి కావాల్సింది కరెంటే. 100 యూనిట్ల సోలార్ కరెంటుతో హైడ్రోజన్ తీసి మళ్లీ కరెంటు చేస్తే 30 యూనిట్లు మిగిలితే గొప్ప. లిథియం బ్యాటరీలో పెడితే 85 దాకా వెనక్కొస్తాయి.

సోలార్‌కీ ఇబ్బందులున్నాయి. రెండు హెచ్‌పీ ఏరేటర్లు నాలుగు తిరిగితే గంటకి ఆరు యూనిట్లు. రాత్రంతటికీ బ్యాటరీ పెట్టడం తలకి మించిన ఖర్చు. తుఫాను రోజుల్లో ఎండే ఉండదు. కాబట్టి జనరేటర్ ఉండనివ్వండి. గంటా రెండు గంటల కోతలకి సరిపడా బ్యాటరీ, పగలు ఏరేటర్లకి ప్యానెళ్లు, ఇంతవరకు చాలు. మోటార్ స్టార్టయ్యేటప్పుడు ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది, ఇన్వర్టర్ దానికి తట్టుకునేది తీసుకుని ఏరేటర్లని ఒక్కొక్కటిగా ఆన్ చేయాలి. సముద్రపు ఉప్పుగాలికి స్టాండ్లు తుప్పు పడతాయి, జింకు పూత బాగా ఉన్నవే అడగండి.