మాట్లాడే చైనీస్ పెన్ను: నాలుగు నెలలు వాడాక

మావాడికి ఎనిమిదేళ్లు. మా ఆయన ఉద్యోగం పేరున మూడేళ్లు గ్వాంగ్‌జౌలో ఉన్నాం. అక్కడ వీధిలో కాంటనీస్, బళ్లో మాండరిన్, ఇంట్లో తెలుగు. భీమవరం వచ్చేసిన ఆర్నెల్లకే వాడి చైనీస్ జారిపోవడం మొదలైంది. ఆదివారాలు పాత టీచరమ్మ వీడియో కాల్ చేస్తారు, మనకు ఆరైతే వాళ్లకు ఎనిమిదిన్నర. వీడు తలూపడమే తప్ప నోరు విప్పడు. అందుకని 3,200 రూపాయలు పోసి ఈ పెన్ను, కార్డుల సెట్టు తెప్పించాను.

కార్డు మీద కంటికి ఆననంత చిన్న చుక్కలు ముద్రిస్తారు. పెన్ను మొన ఆనిస్తే వాటిని చదివి మాట పలుకుతుంది. పలుకు స్పష్టంగా ఉంది, ఆ మాట ఒప్పుకోవాలి. 'పరీక్ష' మీట మాత్రం శుద్ధ దండగ. చైనీస్‌లో 'మా' అన్న మాట స్వరం మారితే అమ్మ కాస్తా గుర్రమైపోతుంది. వీడు ఏ స్వరంలో అన్నా చప్పట్లే. మొన్న పక్కనున్న మా అత్తయ్య దగ్గితే ఆవిడకీ చప్పట్లు కొట్టింది.

అసలు చిరాకు ఇంగ్లీషు గైడుతో. పెదనాన్న, బాబాయి, మేనమామ ముగ్గురి కార్డుల కిందా 'అంకుల్' అనే ఉంది! చైనీస్‌లో పోపో, షూషూ, చ్యోచ్యో అని ముగ్గురికీ మనలాగే వేరువేరు పేర్లున్నాయి. నాయనమ్మ నైనై, అమ్మమ్మ వైఫో. గైడు మూసేసి తెలుగులో చెబితే వాడు ఒక్క పూటలో పట్టేశాడు. ఉచ్చారణా అంతే. చైనీస్‌ను ఇంగ్లీషు అక్షరాల్లో రాసే పద్ధతి పిన్‌యిన్. అందులో 'బి' కనిపిస్తే అది మన 'ప', 'పి' కనిపిస్తే ఒత్తు 'ఫ'. గైడు చూసి వాడు 'బోబో' అంటుంటే పలక మీద ప, ఫ రాసి దిద్దించాను. అఆలు వచ్చిన పిల్లాడికి ఇది పెద్ద పనేం కాదు.

నర్సాపురం నుంచి మా బావగారు వస్తే వీడు ఎదురెళ్లి "పోపో!" అన్నాడు. "చెప్పులైనా విప్పలేదురా, అప్పుడే పొమ్మంటావేంట్రా?" అన్నారాయన. ఇప్పుడు ఫోన్ చేసినా, "మీ పోపోనమ్మా, వాడికియ్యి" అంటారు.

ముసురు పట్టిన వారం కార్డులు అప్పడాల్లా వంగిపోయాయి, కొనేవాళ్లు మూతబిగువు డబ్బా ఒకటి చూసుకోండి. పూతరేకు తిన్న చేత్తో పట్టుకుంటే మొనలో పంచదార పొడి చేరి పెన్ను మూగబోతుంది. పొడిగుడ్డతో తుడిస్తే మళ్లీ పలికింది.

ఐదుకి మూడు ఇస్తాను, అదీ కార్డులకే. అవి విడిగా అమ్ముతారా అని అమ్మినవాళ్లకు రెండుసార్లు రాశాను. ఆ పెన్ను మీదే పది శాతం తగ్గింపు కూపన్ పంపారు.