మిషిగన్ పొదకు పర్లాకిమిడిలో పేరు దొరికింది: ప్లాంట్‌నెట్ యాప్‌తో నా అనుభవం

ఏప్రిల్ నెలాఖరులో మా అమ్మాయి మిషిగన్ నుంచి ఫొటో పంపింది. ఇంటి వెనక నిలువెత్తు పొద, ఆకు పూర్తిగా విచ్చకముందే ఒళ్ళంతా తెల్లపూలు. జూన్‌కి గుత్తులుగా ఎర్రకాయలు, పండాక ఊదారంగు. "అమ్మా, బాబు కోసుకు తింటానని ఒకటే గొడవ, అదేంటో చూసి చెప్పు" అంది. వాక్కాయ కొమ్మయితే ముల్లూ పాలూ చూసి చెప్పేస్తాను గానీ, అమెరికా చెట్టు నాకేం తెలుసు?

ఫొటో చూసి మొక్క పేరు చెప్పే యాప్‌లు వెతికాను. మొదట వేసుకున్న ఒక యాప్ డబ్బులు కట్టించుకుని స్పైరియా అనే పూలపొద అంది. స్పైరియాకు కండ ఉన్న పండే రాదు. నా మనవడి కడుపు సంగతి కదా, ఒళ్ళు మండింది.

తర్వాత ప్లాంట్‌నెట్. ఫ్రాన్స్ పరిశోధన సంస్థలు 2013లో తెచ్చిన ఉచిత యాప్. ఫొటో పెట్టగానే ఆకా, పువ్వా, కాయా, బెరడా అని అడుగుతుంది. ఒక్క పువ్వు పెడితే నాలుగైదు పేర్లు చూపింది. అమ్మాయి చేత ఆకు, కాయ దగ్గరగా తీయించి కలిపి పెట్టాక అమెలాంకియర్ పైకి వచ్చింది. అక్కడి వాళ్ళు సర్వీస్‌బెర్రీ, జూన్‌బెర్రీ అంటారు. కెనడాలో సస్కటూన్ ఊరికి ఆ పేరు ఈ పండు వల్లే వచ్చింది.

అయినా యాప్ చెప్పిందని నోట్లో వేసుకోకూడదు. వీడియో కాల్‌లో పండును తిప్పించాను. తొడిమకు ఎదురు చివర, జామకాయకు ఉన్నట్టే, ఎండిన చిన్న కిరీటం. పువ్వుకు సన్నటి రేకలు ఐదు, ఆకు అంచున సన్నని రంపప్పళ్ళు, కొమ్మకు ముల్లు లేదు. అన్నీ సరిపోయాయి. అక్కడే పెరిగే బక్‌థార్న్ పండు నల్లగా ఉంటుంది, దానికి కిరీటం ఉండదు, కొమ్మ చివర ముల్లుంటుంది, తింటే విరేచనాలు. అమెలాంకియర్‌లో రకాలు ఒకదానితో ఒకటి కలిసిపోతాయట, ఏ రకమో తేల్చడం తెలిసినవాళ్ళకే కష్టం. మాకు ఆ పేరు చాలు.

పనితనం చూద్దామని మా ఇంటి వెనక వాక్కాయ కొమ్మ కూడా పెట్టాను. మొదటి పేరే కరిస్సా కరండాస్, అంటే వాక్కాయ శాస్త్రీయ నామమే!

అమ్మాయికి ఆ పండు గింజలో బాదంపప్పు వాసన తగిలిందట. బాబు ఇప్పుడు ప్రతి పండునూ తిప్పి కిరీటం చూశాకే తింటున్నాడు.