లీటరు టర్బో పెట్రోల్: నాలుగేళ్ల వాడకం, ఒక గొట్టం మీద కోపం

నాలుగేళ్లు దాటింది ఈ కారు కొని. మూడు సిలిండర్లు, లీటరు ఇంజిన్, డైరెక్ట్ ఇంజెక్షన్, టర్బో, మాన్యువల్ గేర్లు. కంపెనీ పేరు రాయడం లేదు. నేను చెప్పబోయే గొడవ ఏ ఒక్క కంపెనీకో పరిమితం కాదు, ఈ తరహా ఇంజిన్ ఎవరు చేసినా, టర్బో నుంచి గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌కి వెళ్లే గొట్టం దాదాపు ఒకే చోట ఉంటుంది. హార్స్‌పవర్ ఎంత, టార్క్ ఎంత అనేవి బ్రోషర్‌లోనే ఉంటాయి కాబట్టి వాటి జోలికి పోను. ఆ పైపు ఒక్కటి పగిలితే, నా చేత టర్బో మొత్తం మార్పించబోయారు. ఇది ఇంకెవరికీ జరగకూడదనే రాస్తున్నాను.

ముందు నచ్చింది చెప్తాను, ఎందుకంటే అది నిజంగా నచ్చింది. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తున ఉంది. చెన్నైలో కంటే ఇక్కడ గాలి పలచన. మామూలు పెట్రోల్ ఇంజిన్ తనంతట తాను పీల్చుకున్న గాలితోనే పని చేయాలి కాబట్టి ఇక్కడ దాని బలం సుమారు పదో వంతు తగ్గిపోతుంది. టర్బోకి ఆ లోటు పెద్దగా తెలియదు. పొగ గొట్టంలోకి పోయే వేడి వాయువులతో తిరిగే చక్రం ఇంకాస్త వేగంగా తిరిగి, కావలసినంత గాలిని లోపలికి నెడుతుంది. నా పాత 1.2 లీటర్ల కారుతో నంది హిల్స్ ఎక్కేటప్పుడు ఏసీ ఆపేవాళ్లం. ఇందులో నలుగురం కూర్చుని, ఏసీ పెట్టుకుని, మూడో గేరులోనే ఎక్కేసిన మలుపులున్నాయి. 1,800 ఆర్‌పీఎం దాటగానే వీపు సీటుకి ఆనుకుంటుంది చూడండి, ఆ ఒక్క క్షణం కోసమే ఈ ఇంజిన్ కొన్నాను. ఇప్పటికీ దాని మీద మోజు తీరలేదు.

కొత్తలో ఈ మాట ఎవరడిగినా ఇలాగే చెప్పేవాణ్ని. ఇప్పుడు కొంచెం సవరించి చెప్తున్నాను. ఆ మజా అంతా 1,800 పైనే. సిల్క్ బోర్డ్ నుంచి మారతహళ్లి దాకా ఔటర్ రింగ్ రోడ్డు మీద సాయంత్రం ఆరింటికి ఇంజిన్ 1,800 చూసేది తక్కువ. హంపు దగ్గర స్లో చేసి, రెండో గేరులో 1,200 దగ్గర పెడల్ నొక్కితే ఏమీ జరగదు. ఒక్క క్షణం ఆలోచించి, అప్పుడు ఒక్కసారిగా ముందుకి దూకుతుంది. ఈలోగా ముందున్న ఆటో బ్రేక్ వేస్తాడు. పైగా గంటసేపు నత్తనడక నడిచాక ఇంటర్‌కూలర్‌కి చల్లగాలి తగలక ఇంజిన్ ఇంకాస్త మొద్దుబారుతుంది. మైలేజ్ కూడా అంతే. హైవేలో 80, 90 మీద నిలకడగా పోతే లీటరుకి 18 దాకా చూశాను. సిటీలో 11 వస్తే మంచి వారం అనుకోవాలి. టర్బో బూస్ట్, అంటే గాలిని నెట్టే ఆ ఒత్తిడి, వాడిన ప్రతిసారీ దానికి తగ్గ పెట్రోల్ తాగుతుంది, అందులో మోసమేమీ లేదు.

ఇక అసలు సంగతి.

తిరుపతి నుంచి తిరిగి వస్తున్నాం. చిత్తూరు దాటి మొగిలి ఘాట్ ఎక్కుతున్నాం. ముందు లారీ ఉంది, ఓవర్‌టేక్ చేద్దామని మూడో గేరులో గట్టిగా నొక్కాను. లారీ సగం దాకా వచ్చేసరికి బండి బలం పోయింది. ఆగిపోలేదు, కుదుపూ లేదు, ఉన్న బలమంతా ఎవరో వెనక్కి తీసేసుకున్నట్టు అయింది. మీటర్‌లో పసుపు రంగు ఇంజిన్ లైటు వెలిగింది. ఎదురుగా బస్సు దిగుతోంది. లారీ డ్రైవర్ చూసి స్లో చేయబట్టి వెనక్కి సర్దుకోగలిగాను. ఆ కొద్ది సెకన్లు తలచుకుంటే ఇప్పటికీ చేతులు చల్లబడతాయి. టర్బో కారులో ఓవర్‌టేక్ అంటే ఆ బూస్ట్‌ని నమ్ముకునే చేస్తాం. అది లేకపోతే మిగిలేది ఒట్టి లీటరు ఇంజిన్, నిండు కుటుంబంతో, ఘాట్ మీద.

పక్కన ఆపాక నాన్న అన్నాడు: "రేయ్, ఏడో గాలి పోతా ఉండాది. టైరు కాదు, బానెట్ కిందనే." ఊళ్లో మోటర్లూ ఆయిల్ ఇంజిన్లూ బాగుచేసిన చెవులు ఆయనవి. నేను వినలేదు, ఎందుకంటే ఆగి ఉన్నప్పుడు ఆ శబ్దమే లేదు. మళ్లీ బయల్దేరి పెడల్ నొక్కితేనే 'స్‌స్' మని వచ్చేది, వదిలితే ఆగేది. పలమనేరు, ముళబాగిలు, కోలారు మీదుగా ఎడమ లేన్‌లో లారీల వెనకే ఇల్లు చేరాం.

నా దగ్గర కారు లోపాల కోడ్లు చదివే, ఫోన్‌కి కలిపే చిన్న ఓబీడీ పరికరం ఉంది. కోడ్ చూస్తే పీ0299. అంటే అండర్‌బూస్ట్: ఇంజిన్ అడిగినంత ఒత్తిడితో గాలి రావడం లేదు. అంతే చెప్తుంది ఆ కోడ్. ఎందుకు రావడం లేదో చెప్పదు.

సర్వీస్ సెంటర్‌లో మాత్రం చెప్పేశారు. వారంటీ అప్పటికే దాటింది. అడ్వైజర్ తెలుగబ్బాయే, మర్యాదగానే మాట్లాడాడు. "సార్, టర్బో పోయింది. అసెంబ్లీ మార్చాలి." ఎస్టిమేట్ లక్ష దాటింది.

"పోయిందని ఎలా తెలిసింది?" అని అడిగాను.

"స్కానర్‌లో వచ్చింది సార్."

"స్కానర్ అండర్‌బూస్ట్ అనే కదా అంది. టర్బో విప్పి చూశారా?"

"విప్పితే లేబర్ పడుతుంది సార్. మీరు అప్రూవల్ ఇస్తే మొదలుపెడతాం."

పైపులు చూశారా అంటే, బండి స్టార్ట్ చేసి చూశాం, లీక్ ఏమీ లేదన్నాడు. నా కోపమంతా ఈ మాట మీదే. నిలబడి ఉన్న బండిలో ఈ లీక్ ఎలా కనిపిస్తుంది? ఐడ్లింగ్‌లో టర్బో బూస్ట్ ఇవ్వదు, ఆ పైపులో ఒత్తిడి బయటి గాలికి దాదాపు సమానం. బూస్ట్ వచ్చినప్పుడే పగులు నోరు తెరుస్తుంది. టర్బో ఇంజిన్లు అమ్ముతున్నవాళ్ల వర్క్‌షాప్‌లో ఇది తెలియకపోవడం నేను ఒప్పుకోలేను. తెలిసీ చూడకపోతే ఇంకా అన్యాయం.

అప్రూవల్ ఇవ్వకుండా బండి తెచ్చేసుకుని, బొమ్మనహళ్లి వైపు ఒక చిన్న గ్యారేజ్‌కి తీసుకెళ్లాను. అక్కడి మెకానిక్‌ది కదిరి. పక్క సీట్లో కూర్చుని, స్కానర్ పెట్టి, నన్ను నడపమన్నాడు. ఎలివేటెడ్ రోడ్డు మీద ఒక పరుగు తీశాం. స్క్రీన్ మీద రెండు అంకెలు: ఇంజిన్ అడుగుతున్న బూస్ట్, వస్తున్న బూస్ట్. అడిగినదాంట్లో సగం కూడా రావడం లేదు. తిరిగొచ్చాక ముందు టర్బోనే చూశాడు. గాలి లోపలికి పోయే వైపు పైపు తీసి, చక్రం మధ్యలో వేళ్లతో పట్టుకుని కదిపాడు. పక్కలకి రవ్వంత ఆట ఉంది, అది మామూలే. ముందుకీ వెనక్కీ ఆట లేదు, రెక్కలు ఎక్కడా గీసుకోలేదు. బూస్ట్ హద్దు దాటకుండా చూసే వేస్ట్‌గేట్ రాడ్ కూడా బాగానే కదులుతోంది. "టర్బో బంగారంలా ఉందన్నా, దీన్నెందుకు మార్చడం?" అన్నాడు.

తర్వాత స్మోక్ టెస్ట్. గాలి పోయే దారిని మూసేసి, మెషిన్‌తో కొద్దిపాటి ఒత్తిడి మీద లోపలికి పొగ పంపుతారు. పొగ ఎక్కడ బయటికొస్తే అక్కడ లీక్. కాసేపటికి బంపర్ వెనక, కింది వైపు నుంచి సన్నగా లేచింది. టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కి దిగే పైపు వంపులో, క్లాంప్‌కి కాస్త పైన. ఊడదీసి నా చేతికిచ్చాడు. పైన అంతా నూనె జిడ్డు, దాని మీద ఎర్రమట్టి పొర. మామూలుగా చూస్తే పైపు బాగానే ఉంది. రెండు చేతులతో వంచితే గోరంత పొడవున పగులు తెరుచుకుంది, వదిలేస్తే మూసుకుపోయింది. లక్ష రూపాయల ఎస్టిమేట్‌కి కారణం అది. కొత్త పైపు, క్లాంపులు, లేబర్ కలిపి కొన్ని వేలతో అయిపోయింది. ఆ సాయంత్రమే 1,800 దగ్గర ఆ ఊపు తిరిగొచ్చింది.

పైపు ఎందుకు పగిలిందంటే, దాని బతుకే అంత. టర్బో నొక్కి పంపిన గాలి వేడిగా ఉంటుంది. ఇంజిన్ అడుగు భాగమైన క్రాంక్‌కేస్ నుంచి వచ్చే నూనె ఆవిరి ఆ గాలితో కలిసి లోపల పూతలా పడుతుంది. మూడు సిలిండర్ల ఇంజిన్‌కి వణుకు సహజం. మన రోడ్ల మీద బూస్ట్ రావడం, పోవడం, మళ్లీ రావడం, ప్రతిసారీ పైపు ఉబ్బడం, తగ్గడం. నాలుగేళ్లు ఆగిందంటే అదే గొప్ప. కానీ దాన్ని అలాగే వదిలేసి నడిపితే టర్బో నిజంగానే పోవచ్చు. గాలి తక్కువ వస్తోందని ఇంజిన్ కంప్యూటర్ టర్బోని ఇంకా వేగంగా తిప్పమంటుంది. ఈ చిన్న టర్బోలు మామూలుగానే నిమిషానికి రెండు లక్షల చుట్ల దాకా తిరుగుతాయి. ఆపైన తిప్పితే బేరింగులు తట్టుకోవు. బెంగళూరు ఎత్తులో అది ముందే కాస్త ఎక్కువ కష్టపడుతుంటుందని గుర్తుంచుకోవాలి.

అందుకే పవర్ తగ్గి పీ0299 వస్తే, టర్బో మాట ఎత్తకముందే స్మోక్ టెస్ట్ చేయమనండి. రోడ్డు మీద స్కానర్ పెట్టి చూడమనండి. అడ్వైజర్ మొహమాటపెడితే బండి తెచ్చేసుకోండి. పైపులు, వాటి రబ్బరు ఓ రింగులు, వేస్ట్‌గేట్‌ని కదిలించే యాక్చుయేటర్, పెడల్ వదిలితే మిగిలిన ఒత్తిడిని మళ్లించే డైవర్టర్ వాల్వ్, బూస్ట్ కొలిచే సెన్సర్, ఇవన్నీ చూశాకే టర్బో వంతు.

మిగతావాటి గురించి క్లుప్తంగా చెప్తాను. ఆయిల్ విషయంలో పొదుపు చేయొద్దు. ఫుల్లీ సింథటిక్, మాన్యువల్‌లో చెప్పిన గ్రేడే, డబ్బా మీద ఏపీఐ ఎస్‌పీ అని ఉండాలి. 2020లో వచ్చిన ఈ ప్రమాణంలో, తక్కువ ఆర్‌పీఎంలో ఎక్కువ లోడ్ పడ్డప్పుడు పెట్రోల్ సమయానికి ముందే అంటుకునే సమస్యకి పరీక్ష ఉంది. ఈ చిన్న టర్బోల్లో పిస్టన్లు పగలగొట్టేది అదే. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు ఐదో గేరులో 1,300 మీద పెడల్ తొక్కేవాళ్లని చూస్తే నాకు భయం. గేరు దించండి, అంతే. డైరెక్ట్ ఇంజెక్షన్‌లో పెట్రోల్ నేరుగా సిలిండర్‌లోనే పడుతుంది కాబట్టి ఇన్‌టేక్ వాల్వుల మీద కార్బన్ పేరుకుంటుంది, దాన్ని కడిగేది ఏదీ లేదు. వాల్‌నట్ పెంకుల పొడితో కొట్టి శుభ్రం చేస్తారు. నాకు ఇంకా ఆ అవసరం పడలేదు. ఘాట్ దిగి ఆపేముందు, హైవే నుంచి వచ్చి ఆపేముందు అర నిమిషం ఐడ్లింగ్‌లో ఉంచుతాను. ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్‌ని 2023 ఫిబ్రవరిలో ఈ బెంగళూరులోనే మొదలుపెట్టారు. లీటరుకి లీటరు చూస్తే ఇథనాల్‌లో శక్తి పెట్రోల్ కంటే మూడో వంతు తక్కువ. నా మైలేజ్ కొంత అక్కడే పోయిందని నా నమ్మకం.

ఇంత చిన్న ఇంజిన్‌కి టర్బో తగిలించడం వెనక పన్ను లెక్క కూడా ఉంది. నాలుగు మీటర్లలోపు పొడవు, 1,200 సీసీలోపు పెట్రోల్ ఇంజిన్ అయితే 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ 18 శాతం, ఆ హద్దు దాటితే 40. కాబట్టి ఈ ఇంజిన్లు ఇంకా వస్తూనే ఉంటాయి, ఈ పైపులు పగులుతూనే ఉంటాయి.

కొనొచ్చా అని అడిగితే, మీరుండే చోటుని బట్టే చెప్పగలను. నేను నెలకోసారైనా చిత్తూరు వైపు వెళ్తాను, ఘాట్ ఎక్కుతాను, అమ్మానాన్నలు వెనక సీట్లో ఉంటారు. నాకు ఈ బలం కావాలి, అందుకే అమ్మడం లేదు. ఇల్లు హెచ్‌ఎస్‌ఆర్‌లో, ఆఫీసు బెళ్లందూరులో, ఊరు దాటేది ఏడాదికోసారి అయితే మామూలు ఇంజిన్‌తో సుఖంగా ఉంటారేమో. వారంటీ లోపల ఉన్నంతకాలం ఇది హాయి. ఆ తర్వాత నమ్మకమైన మెకానిక్ దొరకడాన్ని బట్టి. నాకు దొరికాడు, అందరికీ దొరుకుతాడని చెప్పలేను. వచ్చే సర్వీసులో ఇంటర్‌కూలర్ నుంచి థ్రాటిల్‌కి వెళ్లే రెండో పైపు కూడా మార్పించేస్తున్నాను, దాని వయసూ అంతే కదా.