గోడకుర్చీ: రెండేళ్లు వేశాక నా బీపీ, నా గుండె

బడిలో శిక్షగా వేసిన గోడకుర్చీని, యాభై నాలుగో ఏట డాక్టరు అనుమతి తీసుకుని మళ్లీ మొదలుపెట్టాను. రోజూ మాత్ర వేసుకుంటున్నా అప్పట్లో ఇంట్లో చూసుకున్న బీపీ సగటు 146/92 ఉండేది. గుండె ఎడమ జఠరిక (ఒంటికి రక్తాన్ని నెట్టే గది) గోడ కొంత మందమైందని, కొట్టుకున్న తరువాత అది సడలడం నెమ్మదించిందని ఎకో (గుండె స్కాన్) రిపోర్టులో రాశారు.

వీపు గోడకు ఆనించి, మోకాళ్లు వంచి రెండు నిమిషాలు కదలకుండా ఉండాలి. రెండు నిమిషాలు విశ్రాంతి. ఇలా నాలుగు దఫాలు, వారానికి మూడు రోజులు. మొదటి వారాల్లో నాలుగో దఫాకు తొడలు వణికేవి, చొక్కా చెమటకు గోడకు అతుక్కుపోయేది.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఊపిరి. బిగిసిన కండరం తనలోని రక్తనాళాలను నొక్కుతుంది కనుక ఆ కాసేపు పై బీపీ, కింది బీపీ రెండూ పెరుగుతాయి. గుండె ఆ ఒత్తిడికి ఎదురొడ్డి రక్తాన్ని నెట్టాలి. ఊపిరి బిగబడితే ఆ భారం ఇంకా పెరుగుతుంది. నాకు మొదట నేర్పిన శిక్షకుడు బిగబట్టమనే చెప్పాడు. మూడో రోజున లేచి నిలబడగానే కళ్లు చీకట్లు కమ్మి, కిటికీ ఊచ పట్టుకుని ఆగవలసి వచ్చింది. బీపీ ఉన్నవారికి అలా నేర్పడం చాలా తప్పు. అప్పటినుంచి అంకెలు పైకి లెక్కపెడుతున్నాను. నోరు పలుకుతుంటే ఊపిరి ఆగదు.

పదో వారానికి సగటు 137/86కు దిగింది. బ్రిటిష్ జర్నల్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ 2023లో ప్రచురించిన, 270 ప్రయోగాలను కలిపి చూసిన విశ్లేషణలో ఇలాంటి కదలని వ్యాయామాల వల్ల పై బీపీ సగటున 8, కింది బీపీ 4 పాయింట్లు తగ్గినట్టు తేలింది కనుక, నా అంకెలు నన్ను ఆశ్చర్యపరచలేదు. జ్వరంతో ఐదు వారాలు మానేసినప్పుడు మాత్రం పై అంకె మళ్లీ 143కు చేరింది.

గుండె సంగతి వేరు. ఏడాది తరువాత తీసిన ఎకోలో గోడ మందం అంతే ఉంది, సడలింపూ అంతే ఉంది. మరింత చెడకపోవడం నాకు ఊరటే, కానీ అందులో మాత్ర వాటా ఎంతో, గోడకుర్చీ వాటా ఎంతో నా ఒక్కడి రిపోర్టు చెప్పలేదు. గుండె కవాటం ఇరుకైనవారు, బృహద్ధమని (గుండె నుంచి బయలుదేరే పెద్ద రక్తనాళం) ఉబ్బినవారు, బీపీ 180 దాటినవారు డాక్టరును అడగకుండా దీని జోలికి వెళ్లవద్దని గట్టిగా కోరుతున్నాను. నా మాత్ర మోతాదు నేటికీ మారలేదు. సాయంత్రం నడకా మానలేదు.