బుధవారం మెయిల్ చాలు

'ది మార్జినాలియన్' అనే ఇంగ్లీషు వెబ్‌సైట్, దాన్నుంచి ఆదివారం, బుధవారం వచ్చే మెయిళ్లు అన్నీ ఉచితం. ప్రకటనలు ఉండవు, చదివేవాళ్ల విరాళాలతో నడుస్తోంది. బల్గేరియాలో పుట్టి అమెరికా వెళ్లిన మరియా పొపోవా 2006లో ఓ ఏడుగురు తెలిసినవాళ్లకు వారం వారం పంపిన మెయిలే ఇంతయింది. 2021 దాకా దీని పేరు 'బ్రెయిన్ పికింగ్స్'.

సైన్సు, కవిత్వం, ఎవరెవరివో పాత డైరీలు, ఉత్తరాలు, పిల్లల బొమ్మల పుస్తకాలు... ఈవిడకు అన్నీ కావాలి. నేను ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్తాను. గ్రహాలు సూర్యుడి చుట్టూ ఎలా తిరుగుతాయో చెప్పే కెప్లర్ సూత్రాలు ఏటా బోర్డు మీద రాసి చెరిపేయడమే తప్ప, ఇందులో ఆయన మీద వ్యాసం చదివేదాకా ఆయనకో తల్లి ఉండేదన్న ఆలోచనే రాలేదు. మూడో సూత్రం 1619లో అచ్చయ్యేనాటికి ఆ తల్లి కాథరీనా మీద మంత్రగత్తె అన్న నింద నాలుగేళ్లుగా నడుస్తోందట! 1620లో డెబ్బై దాటిన ఆవిడను జైల్లో వేశారు. కొడుకే దగ్గరుండి కేసు నడిపించి మరుసటి ఏడు విడిపించుకున్నాడు. అంతకుముందు ఆయన చంద్రుడి మీదికి ప్రయాణమంటూ ఓ కథ రాశాడు. అందులో కథానాయకుడి తల్లి భూతాన్ని పిలుస్తుంది. ఆ రాతప్రతి చేతులు మారి పుకార్లకు ఆజ్యం పోసిందని ఆయనే నమ్మాడు. ఇదంతా క్లాసులో చెప్తే వెనక బెంచీ పిల్లాడు "సార్, మా దిక్కు దాన్నే బాణామతి అంటరు" అన్నాడు. ఆ పీరియడ్‌లో లెక్కలు సాగలేదు. పోనీ.

ఆదివారం మెయిల్ మాత్రం బరువు. పాకం ముదిరిన అరిసెల్లా ఉంటాయి కొన్ని వాక్యాలు. పైగా అడుగడుగునా పాత వ్యాసాలకు లింకులు, నొక్కుతూ పోతే పూట గడిచిపోతుంది. బుధవారానికి విడిగా పేరిచ్చుకోవాలి. అందులో పాతవాటిలోంచి ఏరిన వ్యాసం ఒక్కటే వస్తుంది, నా వరకు అదే సుఖం.

రచయితలు చాలావరకు యూరప్, అమెరికా వాళ్లే. 1930లో టాగోర్, ఐన్‌స్టీన్ మాట్లాడుకున్న మాటల మీద వ్యాసం ఉంది, బాగుంది. అలాంటివి ఇంకా ఉండాల్సింది. ఇంగ్లీషు కూడా గట్టిదే. మా పిల్లలకు నేరుగా పంపితే నడవదు, మనం చదివి చెప్పాల్సిందే. కరెంట్ అఫైర్స్ కోసం అయితే అసలు చేరొద్దు.

ముందు సైట్‌లో కెప్లర్ వ్యాసం చదివి చూడండి. అది పట్టకపోతే మిగతావీ పట్టవు.