గో-కార్ట్ చైన్: 35, 41, 420లలో ఏది మేలు?

సొంతంగా వెల్డింగ్ చేసి కట్టిన గో-కార్ట్‌కైనా, మినీ బైక్‌కైనా మామూలుగా 420 సైజు చైనే మేలు. 35 వేయాలంటే ఫ్రేమ్ వంకర లేకుండా ఉండాలి, ఇంజను కదలకూడదు. ఇంటి పనిలో ఆ రెండూ కుదరడం అరుదు.

35 పిచ్ (చైన్‌లో పక్కపక్క పిన్నుల మధ్య దూరం) 9.525 మి.మీ.; 41, 420లది 12.7. ఇంజను స్ప్రాకెట్‌కు (చైన్ తిరిగే పళ్ల చక్రం) 10 పళ్లు, యాక్సిల్ (చక్రాల ఇరుసు) స్ప్రాకెట్‌కు 60 పళ్లు పెడితే నిష్పత్తి 6:1. అప్పుడు పెద్ద స్ప్రాకెట్ వ్యాసం 35కైతే సుమారు 182 మి.మీ., 420కైతే 243. చక్రాలు మరీ చిన్నవైతే 243 నేలకు రాసుకుంటుంది. అక్కడ 35 తప్పదు. కానీ దాని పళ్లు పొట్టివి, స్ప్రాకెట్లు కాస్త పక్కకు జరిగినా చైన్ ఊడుతుంది. అదే 10 పళ్లకు 420 స్ప్రాకెట్ వ్యాసం ఎక్కువ కాబట్టి చైన్ మీద లాగుడు కూడా నాలుగో వంతు తక్కువ.

మరి 41? పిచ్ పెద్దది కదా అని చాలామంది దాన్నే కొంటారు. ప్రమాణాల్లో దాని కనీస తెగుబలం 6.7 కిలోన్యూటన్లే, 35కి దాదాపు 7.8! 420కి రోలర్ (పళ్ల సందులో కూర్చునే గుండ్రటి ముక్క) వ్యాసం 7.77 మి.మీ., లోపలి వెడల్పు 6.35, అంటే అచ్చంగా 41 కొలతలే. పక్క పలకలు మాత్రం మందం. 41 కోసం చేసిన స్ప్రాకెట్ల మీద కూడా 420 చక్కగా కూర్చుంటుంది. ఇక 41 ఎందుకు?

428 పిచ్ కూడా 12.7 కాబట్టి సరిపోతుందనుకోవద్దు. దాని రోలర్ 8.51, 420 పళ్ల సందులో అడుగుదాకా దిగక పైకెక్కి పళ్లను తినేస్తుంది. 40 సైజు స్ప్రాకెట్ పన్నేమో 420 చైన్‌లో దూరనే దూరదు.

లింకుల లెక్కకు ముందు స్ప్రాకెట్ల మధ్య దూరాన్ని పిచ్‌తో భాగించండి. వచ్చినదాన్ని రెట్టింపు చేసి, రెండు పళ్ల సంఖ్యల సగటు కలపండి. పళ్ల తేడాను 6.28తో భాగించి, వర్గం చేసి, మొదటి భాగఫలంతో భాగిస్తే వచ్చేదీ కలపాలి. పై పళ్లతో 400 మి.మీ. దూరానికి 420కి సరిగ్గా 100 లింకులు. 35కి 120.5 వస్తుంది; లింకులు సరిసంఖ్యలో ఉండాలి కాబట్టి 122 వేసి ఇంజనును యాక్సిల్ నుంచి 7 మి.మీ. దూరం జరపాలి. బేసి సంఖ్య కోసం సగం లింకు వేస్తే తెగేది అక్కడే. అందుకే ఇంజను బోల్టులకు గుండ్రటి రంధ్రాలు కాక పొడవాటి గాళ్లు పెట్టండి.

ఈ దూరానికి వదులు వైపు నడుమ 8 నుంచి 12 మి.మీ. ఆట ఉంటే చాలు. చైన్ రెండు కొసలను కలిపే లాక్ క్లిప్పు మూసిన కొస చైన్ కదిలే దిశకు ఉండాలి.